రేపు ఏం పోస్ట్ చేయాలి? చేతిపనుల వ్యాపారానికి ఐడియాలు తీసే పద్ధతి

‘పేజీ తెరిచాం, ఉన్న సరుకు ఫొటోలన్నీ పెట్టేశాం, ఇక పెట్టడానికి ఏమీ దొరకడం లేదు.’ బొమ్మలు, చేనేత, కలంకారీ, లేసు, ఏది అమ్మేవాళ్లయినా రెండో నెలకల్లా అడిగేది ఇదే. దీనికి జవాబు: ఐడియాల కోసం బయట వెతకడం ఆపండి. ఇతరుల రీల్స్ చూసి తెచ్చుకున్న ఐడియా వాళ్ల సరుకుకు పనికొస్తుంది, మీ సరుకుకు కాదు. మీకు కావలసినవి మీ వాట్సాప్‌లో, మీ పనిబల్ల మీద, గోడమీది పంచాంగంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని బయటికి లాగి, వరసగా రాసుకుని, పనికిరానివి తీసేయడమే కింద చెప్పిన పద్ధతి.

పని చేతికి అందేలా ఉండాలంటే ఒక సరుకు పట్టుకుని చెప్పుకోవాలి. ఇక్కడ ఏటికొప్పాక లక్కపిడతల సెట్టును తీసుకుందాం. పిల్లలు ఆడుకునే చిన్న చిన్న కుండలు, గిన్నెలు, మూతలు, పొయ్యి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క పట్టిస్తారు. మీది వేరే సరుకైతే ఆ పేరు పెట్టుకుని చదవండి, మెట్లు మారవు.

కావలసినవి

- 100 పేజీల నోటుపుస్తకం ఒకటి. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, పని మధ్యలో లక్క అంటిన చేత్తో ఫోన్ తీయలేరు. పుస్తకమే నయం.
- గత మూడు నెలల వాట్సాప్ సంభాషణలు. దుకాణానికి, ఇంటికి ఒకే నంబరైనా ఫర్వాలేదు.
- ఆర్డర్ల పుస్తకం, లేదా కొరియర్ రసీదుల కట్ట.
- పంచాంగం. ఇంగ్లిషు క్యాలెండర్ ఒక్కటే ఉంటే చాలదు, ఎందుకో మూడో మెట్టులో చెబుతాం.
- టేపు, వంటింటి తూకం.
- మొదటిరోజు రెండున్నర గంటలు. ఆ తర్వాత వారానికి 20 నిమిషాలు.

1. కొనేవాళ్ల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చండి

వాట్సాప్ తెరిచి పైన వెతుకుపెట్టెలో ఒక్కో మాటా కొట్టి చూడండి: ఎంత, ఎలా, సైజు, రంగు, కడగ, పగిలి, ఎప్పుడు, గిఫ్ట్, అమెరికా. మనవాళ్లు ఎక్కువమంది తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు కాబట్టి ప్రతి మాటనూ అలా కూడా వెతకండి. లేకపోతే సగం ప్రశ్నలు దొరకవు.

దొరికిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ‘అండీ ఇవి నీళ్లల్లో వేస్తే రంగు పోద్దా’ అని ఉంటే అలాగే రాయండి. దాన్ని ‘సహజ రంగుల మన్నిక’ అని మార్చారంటే ఐడియా అక్కడే చచ్చిపోయినట్టు. రేపు ఆ వీడియోకు పెట్టాల్సిన పేరు, మొదటి వాక్యం అడిగినవాళ్లే ఇప్పటికే రాసిచ్చారు.

ఒకే ప్రశ్న మళ్లీ వస్తే కొత్తగా రాయకండి, పక్కన గీత పెట్టండి. మూడు గీతలు దాటిన ప్రశ్న తప్పక పోస్టు అవ్వాలి. లక్కపిడతలకు సాధారణంగా వచ్చేవి ఇవి: సెట్టులో ఎన్ని వస్తాయి, ఎంత సైజు ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది, ఎలా శుభ్రం చేయాలి, బొమ్మల కొలువుకు సరిపోతాయా, ఇరవై సెట్లు తీసుకుంటే ధర తగ్గిస్తారా.

‘ఎంత’ అన్న ప్రశ్నను మాత్రం రెండుగా విడదీయండి. ధర తెలియక అడిగేవాళ్లు కొందరు. ధర విన్నాక జవాబు ఇవ్వకుండా ఆగిపోయినవాళ్లు కొందరు. ఈ రెండోవాళ్లు అడగని ప్రశ్న ‘అంత ఎందుకు?’ అని. సంభాషణ ధర దగ్గర తెగిపోయిన చోట్లన్నీ లెక్కపెట్టి రాసుకోండి. వాళ్లకు జవాబు చెప్పే పోస్టు ఒకటి ఉండాలి. కర్ర, లక్క, రంగు, పని గంటలు, ప్యాకింగ్, పార్సిల్, దేనికెంతో కాగితం మీద పెన్నుతో రాస్తూ చూపించడమే ఆ పోస్టు.

వ్యాపారం కొత్తది, ప్రశ్నలే రాలేదంటారా? ఇ-కామర్స్ సైట్లలో మీలాంటి సరుకు కింద ఉన్న రెండు, మూడు నక్షత్రాల రివ్యూలు చదవండి. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు చాలావరకు కోపంలోనో, పార్సిల్ ఆలస్యమయ్యో రాస్తారు. రెండు, మూడు ఇచ్చినవాళ్లు అసలు లోపం చెబుతారు: ఫొటోలో పెద్దగా కనిపించింది, చేతికొచ్చాక చిన్నది, మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ లోపం మీ సరుకులో లేదని చూపించడం ఒక పోస్టు. ఉంటే ముందు సరుకు బాగుచేయాలి, పోస్టు తర్వాత.

2. పనిని ముక్కలు చేయండి

ఎక్కువ ఐడియాలు దొరికే మెట్టు ఇది. ‘తయారీ వీడియో’ అని ఒకటి తీసి అయిపోయిందనుకుంటారు చాలామంది. నిజానికి ఒక్క లక్కపిడతలో పదిహేను పోస్టులు ఉంటాయి.

నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: ఏం వాడతారు, ఎందుకు అదే, తప్పితే ఏమవుతుంది, ఎంతసేపు పడుతుంది. చేసే పనిని మొదటి నుంచి ఒక్కో అడుగూ కిందకి రాసుకుంటూ గళ్లు నింపండి.

ఉదాహరణకు, అంకుడు కర్ర. మెత్తగా, సన్నటి రేఖతో ఉంటుంది కాబట్టి లేత్ (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద చిన్న చిన్న వంపులు కూడా పెచ్చులు లేవకుండా వస్తాయి. పచ్చి మీద చెక్కితే ఆరాక పగులుతుంది, అందుకే ఆరబెట్టాలి. ఈ ఒక్క వరసలోనే మూడు పోస్టులున్నాయి: ఇదే కర్ర ఎందుకు, ఎన్నాళ్లు ఆరబెడతారు, ఆరకుండా చేసిన బొమ్మకు పగులు ఎక్కడొస్తుంది.

తర్వాత లక్క పట్టించడం. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకు మడిచి నొక్కిపడితే, అప్పటిదాకా గీతలు గీతలుగా ఉన్న రంగు సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. కెమెరాను అరచెయ్యి దూరంలో పెట్టి ఆ మెరుపు వచ్చే క్షణాన్ని తీయండి. పాట వద్దు. లేత్ చప్పుడు, ఆకు రాపిడి చప్పుడు చాలు. అది రంగు డబ్బాలో ముంచి తీసిన బొమ్మ కాదని ఇంకెవరూ మాటల్లో చెప్పనక్కర్లేదు.

మిగతా పనులవాళ్లకూ ఇలాంటి క్షణాలు ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో గీసిన గీత కళ్లముందే నల్లబడుతుంది. పాలు పట్టించని బట్ట మీద అదే గీత పాకిపోతుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితే ‘ఎందుకు’ అన్న గడి నిండిపోయినట్టే. కొండపల్లి బొమ్మలవాళ్లకైతే తెల్లపొణికి కర్ర ఎంత తేలికో తూకం మీద చూపించవచ్చు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చెయ్యి, మొండెం ఎలా అతుకుతాయో చూపించవచ్చు.

‘తప్పితే ఏమవుతుంది’ అన్న గడిని ఖాళీగా వదలకండి. పాడైన సరుకు చూపిస్తే పేరు పోతుందని భయపడతారు. జరిగేది వేరు. ఇలాంటిది మేం పార్సిల్‌లో పెట్టం, పక్కకు తీసేస్తాం అని చేత్తో చూపిస్తే కొనేవాళ్లకు ధైర్యం వస్తుంది.

*జాగ్రత్త:* రంగుల పాళ్లు, సొంత డిజైన్ కొలతలు చెప్పాల్సిన పని లేదు. చూసేవాళ్లకు కావలసింది ఎందుకు అన్నది, ఎన్ని గ్రాములు అన్నది కాదు. కొత్త డిజైన్ అమ్మకానికి సిద్ధం కాకముందే తయారీ చూపిస్తే, మీకంటే ముందు ఇంకొకరు మార్కెట్లో పెడతారు. పనివాళ్ల ముఖాలు చూపించే ముందు వాళ్లను అడగండి. వద్దంటే చేతులు మాత్రం తీయండి.

3. పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

సంక్రాంతి రోజున సంక్రాంతి పోస్టు పెడితే శుభాకాంక్షలు వస్తాయి, ఆర్డర్లు రావు. లెక్క వెనక నుంచి మొదలవ్వాలి.

బొమ్మల కొలువు సెట్టు అనుకుందాం. భోగి నాటికి కొలువు పెట్టాలి. జనవరి 13 అనుకోండి. పార్సిల్‌కు 7 రోజులు, చేయడానికి 20 రోజులు, కొనేవాళ్లు ఇంట్లో మాట్లాడుకుని డబ్బు వేయడానికి 10 రోజులు, అనుకోని ఆలస్యానికి 5 రోజులు. మొత్తం 42. అంటే మొదటి పోస్టు డిసెంబరు 2 నాటికి పడాలి, ఫొటోలు నవంబరులోనే తీసి ఉండాలి. మీ పనికి ఎన్ని రోజులు పడుతుందో ఆ అంకె మార్చి లెక్కవేసుకోండి.

కొలువు కొన్ని ఇళ్లల్లో సంక్రాంతికి, కొన్ని ఇళ్లల్లో దసరాకు పెడతారు. రెండింటికీ విడివిడిగా లెక్క వేయండి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు పంపేటట్టయితే కొరియర్ వాళ్లు చెప్పిన రోజులకు కనీసం పది కలపండి. ఆ దేశపు కస్టమ్స్ నిబంధనలు అప్పటికి ఎలా ఉన్నాయో కనుక్కున్నాకే తేదీ ప్రకటించండి. ‘ఫలానా తేదీ తర్వాత ఆర్డరిస్తే పండక్కి అందదు’ అన్న పోస్టు ఏటా ప్రతి పండగకూ ఒకటి ఉండాల్సిందే.

పంచాంగం ఎందుకంటే, పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టులు ముహూర్తాలను బట్టి నడుస్తాయి. మూఢం, ఆషాఢం, పుష్యం వచ్చినప్పుడు పెళ్లిళ్లు ఉండవు. ఆ రోజుల్లో గిఫ్టు పోస్టులు వరసగా పెట్టినా స్పందన రాదు, అప్పుడు పోస్టు బాగాలేదేమో అని అనుమానపడతారు. ఆ ఖాళీని రెండో మెట్టులో రాసుకున్న తయారీ పోస్టులకు వాడుకోండి. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం వాయినాలకు చిన్న సరుకు బాగా పోతుంది, ఆ పోస్టులు ఆషాఢం మధ్యలోనే మొదలవ్వాలి. చేనేతవాళ్లు ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవాన్ని రాసిపెట్టుకోవాలి. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ఆ ఒక్కరోజు పోస్టుతో సరిపెట్టకుండా దాని ముందు వారమంతా మగ్గం పని చూపించండి.

4. జనం ఏమని వెతుకుతున్నారో చూడండి

గూగుల్‌ను ఇన్‌కాగ్నిటోలో, అంటే మీరు పాతగా వెతికినవి కలవని విడి కిటికీలో, తెరవండి. మామూలుగా తెరిస్తే మీరు వెతికినవే మళ్లీ మీకు చూపిస్తుంది. ‘లక్కపిడతలు’ అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వచ్చే సూచనలు రాసుకోండి. తర్వాత అదే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో, ఆ తర్వాత ‘వుడెన్ కిచెన్ సెట్’ అన్న ఇంగ్లిషు పేరును ఇంగ్లిషులోనే కొట్టండి. మూడింటికీ సూచనలు వేరుగా వస్తాయి. యూట్యూబ్‌లోనూ ఇలాగే చేయండి.

ఇక్కడొక సంగతి తెలుస్తుంది: మీరు సరుకును పిలిచే పేరు, కొనేవాళ్లు వెతికే పేరు ఒకటి కాకపోవచ్చు. అప్పుడు పోస్టులో రెండూ వాడండి. అమ్మమ్మకు లక్కపిడతలు అంటే చాలు, హైదరాబాదులో పెరిగిన మనవరాలికి కిచెన్ సెట్ అనాలి.

ఏ మాటను ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా ఎంచుకోవచ్చు. చిన్న మాటలకు డేటా చాలదని చూపిస్తుంది. అంటే గిరాకీ లేదని కాదు, లెక్కకు అందనంత తక్కువమంది వెతుకుతున్నారని. ‘బొమ్మల కొలువు’ లాంటి పెద్ద మాట పెట్టి ఏ వారంలో గీత పైకి లేస్తుందో చూసుకుంటే మూడో మెట్టులో వేసిన లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది.

5. ప్రతి ఐడియానూ ఒక్క వాక్యంగా మార్చండి

ఇప్పటికి పుస్తకంలో నలభై, యాభై వరసలు చేరి ఉంటాయి. ‘సైజు’, ‘మొగలి ఆకు’, ‘వరలక్ష్మీవ్రతం’ అని ఉంటే అవి ఐడియాలు కావు, మాటలు. ప్రతిదాన్నీ ఇలా రాయండి: ఎవరి ఏ ప్రశ్నకు, ఏ వస్తువు చూపించి, జవాబు చెబుతాను.

‘సైజు’ అన్నది ఇలా మారుతుంది: ఫొటోలో పెద్దగా కనిపించి మోసపోతామేమో అనుకునేవాళ్లకు, అరచేతిలో పెద్ద కుండ పెట్టి, పక్కన పది రూపాయల నాణెం పెట్టి, టేపుతో ఎత్తు కొలిచి చూపిస్తాను. ఇంతవరకు రాశాక ఫోన్ తీసి షూట్ చేయడమే మిగిలింది.

వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ ఐడియా ఇంకా పండలేదు, పక్కన పెట్టండి.

6. మూడు జల్లెళ్లు పట్టండి

ఒకటి, చేత్తో చూపించగలరా? ‘మన సంస్కృతి గొప్పదనం’ చూపించలేరు. పాత లక్కపిడత, కొత్త లక్కపిడత పక్కపక్కన చూపించగలరు.

రెండు, అది చూశాక కొనేవాళ్లకు ఏదో ఒకటి తేలుతుందా? సైజు తేలాలి, లేదా వాడే తీరు, ధర, నమ్మకం, తేదీ. వీటిలో ఏదీ తేలకపోతే అది మీ ముచ్చట మాత్రమే. ముచ్చటగా నెలకొకటి పెట్టుకోవచ్చు, అంతకంటే వద్దు.

మూడు, మీరు చెప్పేది నిజమేనా, చెప్పే హక్కు ఉందా? దీనిమీద కాస్త ఆగాలి.

ఏటికొప్పాక, కొండపల్లి, పోచంపల్లి, శ్రీకాళహస్తి కలంకారీ లాంటి పేర్లకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందన్న చట్టపరమైన నమోదు, ఉంది. వేరేచోట చేసిన సరుకుకు ఎక్కువమంది చూస్తారని ఆ పేరు తగిలించడం చట్టవిరుద్ధం. నిజంగా అక్కడ చేసేవాళ్ల నోటి దగ్గర కూడు తీసేయడం కూడా. స్క్రీన్ ప్రింట్‌ను కలంకారీ అని రాయకండి. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో వేసినదాన్ని కలంతో గీసిందని చెప్పకండి. రెంటికీ తేడా చూపించే పోస్టు పెడితే అదే మంచి ఐడియా: అచ్చులో ఒకే పువ్వు అదే కొలతతో తిరిగి వస్తుంది, కలంతో గీసినప్పుడు ఏ రెండు పువ్వులూ సరిగ్గా ఒకలా ఉండవు.

పిల్లల బొమ్మలు అమ్మేవాళ్లకు ఇంకొక హెచ్చరిక. 2021 జనవరి 1 నుంచి మనదేశంలో బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులను ఆ గుర్తింపు కింద నమోదైనవాళ్లు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఇచ్చారు. మీరు చేయించి అమ్మేవాళ్లయితే మీకు ఏది వర్తిస్తుందో ముందు కనుక్కోండి. మినహాయింపు ఉన్నా ‘నోట్లో పెట్టుకున్నా వంద శాతం ఏమీ కాదు’ అని రాయకండి. ఏ రంగు వాడారో, ఏ పరీక్ష చేయించారో అంతవరకే రాయండి. లక్కపిడతల మూతలు మింగేంత చిన్నవి, మూడేళ్లలోపు పిల్లలకు వద్దని ప్రతి పోస్టులోనూ ఉండాలి.

7. ఒక ఐడియాను నాలుగు రకాలుగా వాడండి

‘ఎలా శుభ్రం చేయాలి’ అన్నది తీసుకోండి. నానబెట్టొద్దు, పొడిగుడ్డతో తుడవాలి, మరక ఉంటే కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వేడికి లక్క మెత్తబడుతుంది. ఇదే 30 సెకన్ల వీడియో, ఇదే నాలుగు ఫొటోల పోస్టు, ఇదే పార్సిల్‌లో పెట్టే చీటీ, ఇదే వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై (ముందే రాసి దాచుకునే జవాబు). వీడియో, ఫొటోలు ఒకేరోజు వేయకండి, మధ్యలో మూడు నాలుగు వారాలు ఎడం ఉంచండి. వారానికి మూడు పోస్టులు చాలు. ఈ లెక్కన మొదటిరోజు రాసుకున్న యాభై వరసల్లో జల్లెడ దాటి ముప్ఫై మిగిలినా రెండున్నర నెలలు గడుస్తాయి.

తరచూ చేసే తప్పులు

‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని పెట్టడం. చాలామంది చేయరు, పక్కకు జరిపేస్తారు. ధర రాయండి. సెట్టును బట్టి మారితే ‘ఇంత నుంచి’ అని రాయండి.

ఫిల్టర్ వేసి రంగు పెంచడం. సహజ రంగులు కాస్త మెత్తగానే ఉంటాయి. ఫొటోలో కొట్టొచ్చేలా చేస్తే పార్సిల్ తెరిచినవాళ్లు రంగు వెలిసిందనుకుంటారు, సరుకు వెనక్కొస్తుంది. ఉదయం తొమ్మిదిలోపు, గుమ్మం పక్క నీడలో తీస్తే ఫిల్టరే అక్కర్లేదు.

సినిమా పాట పెట్టడం. బిజినెస్ ఖాతాల్లో అన్ని పాటలూ వాడే వీలుండదు, తర్వాత చప్పుడు తీసేసే ప్రమాదం ఉంది.

కొన్నవాళ్లు పంపిన ఫొటోలు అడక్కుండా వాడేయడం. పిల్లల ముఖాలుంటే మరీ తప్పు. ‘పేజీలో పెట్టుకోవచ్చా అండీ’ అని ఒక్క మెసేజ్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఏఐని ‘హస్తకళలకు ముప్ఫై ఐడియాలు ఇవ్వు’ అని అడగడం. ఎవరడిగినా ఇంచుమించు ఆ ముప్ఫయ్యే వస్తాయి. మీరు చేర్చిన ప్రశ్నల పట్టిక ఇచ్చి ఒకేలాంటివాటిని గుంపులు చేయమంటే మాత్రం పని తేలికవుతుంది. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే ఇవ్వండి.

పనిచేసిందో లేదో ఎలా చూడాలి

నెలరోజులు, పన్నెండు పోస్టులు అయ్యేదాకా తీర్పు చెప్పకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతా పెట్టుకుంటే ప్రతి పోస్టు కింద ఇన్‌సైట్స్, అంటే దాన్ని ఎంతమంది చూశారు, ఏం చేశారు అన్న లెక్కలు, కనిపిస్తాయి. లైకులు వదిలేయండి. ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఈ రెండే రాసుకోండి. సేవ్ చేసుకున్నవాళ్లు తర్వాత కొందామని ఆలోచిస్తున్నవాళ్లు. ఇంకొకరికి పంపినవాళ్లు ఇంట్లో అడుగుతున్నవాళ్లు.

కొత్తగా మెసేజ్ చేసిన ప్రతివాళ్లనూ ‘ఎక్కడ చూశారండీ, ఏ వీడియో?’ అని అడిగి, పుస్తకంలో ఆ వరస పక్కన గీత పెట్టండి.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. మొదటి మెట్టులో గీతలు ఎక్కువ పడ్డ ప్రశ్న చూడండి. దానిమీద పోస్టు పెట్టిన నెల తర్వాత ఆ ప్రశ్న రావడం తగ్గిందా? తగ్గి, ‘ఇరవై సెట్లు కావాలి, శుక్రవారానికి అందుతాయా’ లాంటివి పెరిగాయంటే పోస్టు పనిచేసింది. ఆర్డర్లు తగ్గకుండా ప్రశ్న తగ్గితే చాలు, అదీ లాభమే, మీ సమయం మిగిలింది. ప్రశ్న అలాగే వస్తుంటే జవాబు వీడియో చివర్లో ఉందేమో చూడండి. మొదటి మూడు సెకన్లలోకి తెచ్చి మళ్లీ పెట్టండి. అప్పటికీ వస్తుంటే పోస్టును పేజీ పైన పిన్ చేసి, అడిగినవాళ్లకు దాని లింకే పంపండి.

ప్రతి ఆదివారం ఆ 20 నిమిషాలూ వారంలో వచ్చిన కొత్త ప్రశ్నలు రాయడానికి కేటాయించండి. కొత్తవి మూడు కూడా చేరని వారం వస్తే ఆర్డర్ల పుస్తకం తీసి, ఆర్నెల్ల కిందట కొన్నవాళ్లలో ఐదుగురికి ‘బొమ్మలు ఎలా ఉన్నాయండీ, రంగు ఏమైనా మారిందా?’ అని మెసేజ్ పెట్టండి. వాళ్లిచ్చే జవాబులు పుస్తకంలో కొత్త పేజీకి.